గోనె నేత

పెద్దకార్యం కార్డు ప్రూఫు చూసుకోడానికి విజయనగరంలో ఓ ప్రెస్సుకి వెళ్ళాం, అన్నయ్యా నేనూ. నాన్న పేరు కింద ఆయన పని ఏమిటో ఒక్క ముక్కలో ఉండాలని నా పట్టు. "నెల్లిమర్ల జూట్ మిల్లు నేత" అని కాగితం మీద రాసిచ్చాను. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు అది చదివి, కీబోర్డు మీంచి చేతులు తీసి, చాలా మర్యాదగా అడిగాడు: "మాస్టారుది ఏ యూనియనండీ?"

అన్నయ్య నావైపు చూశాడు. తను రాయించాలనుకున్నది "విశ్రాంత జూట్ మిల్లు ఉద్యోగి" అని. అందులో అబద్ధమేం లేదు. కానీ నాన్న ఏనాడూ తనని ఉద్యోగి అనుకోలేదు. రైల్లో ఎవరైనా పలకరించి "ఏం చేస్తారండీ?" అంటే "నేతగాణ్నండి" అనేవాడు. చీరలా, పంచెలా అని అడిగేవారు. "గోనెలు" అనేవాడు. మాటలు సాధారణంగా అక్కడితో ఆగిపోయేవి.

ప్రెస్సు కుర్రాడిది తప్పు కాదు. తెలుగులో నేతలు ఇద్దరున్నారు. ఒకరు సంస్కృతం నుంచి వచ్చిన నేత. నడిపించడం అనే అర్థమున్న 'నీ' ధాతువులోంచి పుట్టినవాడు. నాయకుడూ ఆ కుదురువాడే. రెండోది మన నేత. కోయడంలోంచి కోత, మోయడంలోంచి మోత, రాయడంలోంచి రాత వచ్చినట్టే నేయడంలోంచి నేత వచ్చింది. తమిళంలో నెయ్, కన్నడంలో నేయి, మలయాళంలో నెయ్యుక, అన్నీ ఒక తల్లి పిల్లలు. మొదటి నేత మనిషి. రెండో నేత పని. పేపర్లలో, ఫ్లెక్సీల మీద, టీవీల్లో కనిపించేదంతా మొదటాయనే. రెండోదాన్ని గుర్తుపట్టాలంటే ముందు ఒక 'చే' తగిలించి చేనేత అనాలి. మరి చేత్తో కాకుండా, కరెంటు మగ్గం ముందు ఎనిమిది గంటలు నిలబడి నేసినవాడి పనిని ఏమనాలి? ఆ ప్రశ్న నా చిన్నప్పటినుంచీ మా ఇంట్లో ఉంది.

నాకు పదేళ్ళప్పుడు, 1994 జనవరిలో, మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు. ఆ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పొయ్యి దగ్గర అమ్మ ఏడుస్తుంటే ఎందుకని అడిగేంత ధైర్యం నాకు లేదు. పేపరు మాత్రం కూడబలుక్కుని చదివేదాన్ని. అందులో ఎక్కడ చూసినా 'కార్మిక నేత', 'కార్మిక నేతలు' అనే మాట. నాకది సూటిగానే అర్థమైంది. కార్మికులు, వాళ్ళ నేత. మా నాన్న పని గురించే ఇన్ని రోజులుగా రాస్తున్నారనుకున్నాను. భయంతోపాటు కాస్త గర్వం కూడా కలిగింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేత అంటే నాయకుడని చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

అదే ఏడాది బళ్ళో రిజిస్టరు రాస్తూ ఒక మాస్టారు అందరి తండ్రుల వృత్తులూ అడిగారు. నేను లేచి "నేత" అన్నాను. "మగ్గం ఉందా ఇంట్లో?" అన్నారు. లేదన్నాను. "మరి?" "మిల్లులో గోనెలు నేస్తారండీ." క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు. "గోనెలు నేస్తే నేతంటారా? కూలీ అను," అని ఆయన రాసేసుకున్నారు. ఆయనకి నామీద కోపం లేదు, చులకన కూడా లేదేమో. రిజిస్టర్లో మాటలు సరిగ్గా ఉండాలనుకునే మనిషి. నేను కూర్చున్నాను. ఇంటికెళ్ళి నాన్నకి చెప్పలేదు.

చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ మాట మాస్టారికంటే ముందే మా తాత అన్నాడు.

నాన్న తండ్రి మగ్గం మీద పంచెలు నేసేవాడు. మిల్లునూలు ధరలు, అప్పులు అన్నీ కలిసి ఆ మగ్గాన్ని గుంతలోంచి పైకి లాగేశాయి. మగ్గం అమ్మేసి నెల్లిమర్ల వచ్చి, తన కొడుకుని మిల్లులో చేర్పించాడు. తనే చేర్పించాడు, తనే ఒప్పుకోలేదు. నాన్న షిఫ్టు నుంచి ఇంటికొచ్చి నారదుమ్ము కడుక్కుంటుంటే, వీధరుగు మీద కూర్చుని అనేవాడట: "ఒరే, మగ్గంలో కూకున్నోడు నేతగాడు. మగ్గం ముందర నిలబడినోడు కూలోడు." నాన్న బదులు చెప్పేవాడు కాదు.

అమ్మవైపు ఇంకో మెట్టు పైన. అమ్మది పొందూరు. అక్కడి సన్నఖద్దరు గురించి కొత్తగా చెప్పేదేముంది! కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, ఆ దూదిని ఏకులుగా చుట్టి, అరటి దొప్పల్లో దాచుకుని, నూరో నంబరు నూలు వడికే ఊరు. 'ఏకు మేకైంది' అని మనం ఊరికే వాడేసే సామెతలో ఏకు అంటే ఇదే. దూది వత్తి. అంత మెత్తనిది మేకైతే కదా సామెత! అమ్మ చిన్నప్పటినుంచీ రాట్నం మీద కూర్చున్న మనిషి. ఆమెని నెల్లిమర్ల ఇచ్చినప్పుడు మా పొందూరు తాత, మంచి సంబంధమే గాని తాళ్ళు పేనేవాళ్ళకి పిల్లనిచ్చానని బంధువులతో అన్నాడట. నెలనెలా జీతం వస్తుందని ఇచ్చాడు. ఆ జీతం ఏ పనికి వస్తోందో దానికి మాత్రం పేరు పెట్టలేదు.

డిగ్రీలో తెలుగు చదువుకుంటున్నప్పుడు మొదటిసారి నిఘంటువు తీసి 'గోనె' కోసం వెతికాను. ఎందుకో ఆ మాట అందులో ఉండదనుకున్నాను. ఉంది. కన్నడంలో గోణి, తమిళంలో కోణి, మరాఠీలో గోణీ. సంస్కృతంలోనూ గోణీయే. పాత 'ణ' తెలుగులో 'న' అయిపోవడం మామూలే కాబట్టి మనకి గోనె. తీరా చూస్తే ఇది ఏ ఒక్క భాషా సొంతం చేసుకుని కూర్చోగలిగిన మాట కాదు. సంచీలాగే చేతులు మారుతూ తిరిగిన మాట.

ఎంత పాతదంటే పాణిని నాటికే ఉంది. అష్టాధ్యాయిలో ఆయన గోణీ అనే మాటని ప్రత్యేకంగా ఎంచి, గింజలు పోసుకునే సంచి అనే అర్థంలో ఈ రూపం వస్తుందని సూత్రంలో పెట్టాడు. ఇంకోచోట, గోనెలతో లెక్కకట్టే సమాసం ఎలా అవుతుందో చెప్పాడు. దానికి వ్యాఖ్యాతలు చూపే ఉదాహరణ 'పంచగోణి'. అంటే ఐదు గోనెలిచ్చి కొన్న బట్ట. ఆ ఉదాహరణ చదివిన రోజు నేను హాస్టల్లో చాలాసేపు మేలుకునే ఉన్నాను. ఒకవైపు సన్నబట్ట, ఇంకోవైపు ఐదు గోనెలు. మా పొందూరు తాతా మా నాన్నా ఒకే తక్కెడలో కూర్చున్నట్టనిపించింది.

పతంజలి మహాభాష్యంలో ఇంకో తమాషా ఉంది. 'గౌః' అనే మంచి మాటని జనం పాడుచేసి పలికే రూపాలంటూ ఆయన ఇచ్చిన జాబితాలో గావి, గోత, గోపోతలికలతోపాటు గోణి కూడా ఉంది. ఆ గోణి ఆవు, మన గోణి సంచి. ఒకే రూపం ఒకచోట సాధువు, ఇంకోచోట అపభ్రంశం. మా రిజిస్టరు మాస్టారు గుర్తొచ్చారు.

ఇంగ్లీషువాళ్ళు ఈ గోణీనే గన్నీ చేసుకున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. 'గన్నీ బ్యాగు' అని మనం నాజూగ్గా అంటున్నది మన గోనెసంచినే. తెలుగు బైబిలు చదివినవాళ్ళకి గోనెపట్ట తెలుసు. దుఃఖం వచ్చినప్పుడు, తప్పు ఒప్పుకున్నప్పుడు ఒంటికి చుట్టుకునే బట్ట. సంచిగానే కాదు, బట్టగా కూడా గోనెకి ఒక చోటు ఉందన్నమాట. సన్నఖద్దరు వేడుకకి, గోనెపట్ట శోకానికి.

ఇక ఆ గోనె దేంతో నేస్తారనేది ఇంకో కథ. జనపనార అని పుస్తకాల్లో రాస్తాం. నిజానికి జనప అంటే జనుము. వరి కోశాక పశువులకని చల్లుకునే, పసుపు పూలు పూసే జనుము. ఆ నారతో పూర్వం తాళ్ళూ గోనెలూ చేసేవారు. తర్వాత బెంగాల్ జూట్ వచ్చి ఆ పేరు ఎత్తుకుపోయింది. జూట్ అనే మాటకి మూలం బెంగాలీ, ఒడియాల్లోని ఝోట. దాని వెనక సంస్కృతపు జట, జూటం. శివుడి జటాజూటంలో ఉన్నదే మా మిల్లు బోర్డు మీదా ఉంది. నార చిక్కుతీసి దువ్వే సెక్షన్లో ఓసారి తొంగిచూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ వేలాడేవి అచ్చం జడలే.

మావైపు సొంత నార మాత్రం గోగునార. బ్రిటిషువాళ్ళ వ్యాపార కాగితాల్లో దాని పేరు బిమిలి జూట్. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి. ఈనాటికీ ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గోగు రకాల మీద పని జరుగుతోంది. గోగు ఆకే గోంగూర. గోగు, కూర కలిసి గోంగూర. ఆంధ్రులందరికీ ప్రాణమైన ఆ ఆకు వెనక ఒక నార ఉందని పచ్చడి కలుపుకునేవాళ్ళలో ఎందరికి గుర్తుంటుంది? కోసిన గోగుని కట్టలు కట్టి గెడ్డలోనో చెరువులోనో ఊరేస్తారు. రెండు మూడు వారాలకి బెరడు వదులవుతుంది. నడుంలోతు నీళ్ళలో నిలబడి కర్ర నుంచి నార ఊడదీస్తారు. ఆ కంపు ఊరంతా కొడుతుంది. ఆ రోజుల్లో బస్సు చెరువు గట్టు దాటుతుంటే కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. నాన్న మాత్రం కిటికీలోంచి తల బయటికి పెట్టి, నార బాగా ఊరిందో లేదో వాసనబట్టి చెప్పేవాడు.

గోనె నేయడం మిల్లులతో మొదలైన పని కూడా కాదు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల సంపుటాల్లో గోనెలు నేసేవాళ్ళ గురించి విడివిడిగా ఉంది. పెరికవాళ్ళు, జనపవాళ్ళు, కన్నడదేశపు గోనిగలు. పెరిక అనే మాటకే ఎద్దుమీద వేసే గోనెసంచి అని అర్థం. అంటే యంత్రం రాకముందే గోనెకి మగ్గం ఉంది, నేతగాడు ఉన్నాడు, ఆ పనిమీద ఒక కులానికి పేరు కూడా ఉంది. యంత్రం వచ్చాక ఆ చేతిమగ్గాలు పోయాయి. ఆ పని చేసేవాడి పేరు కూడా వాటితోపాటే పోయింది. కూలీ మిగిలాడు.

నేను డిగ్రీ సెలవలకి వచ్చినప్పుడు ఇవన్నీ నాన్నకి చెప్పాను. చెప్పాను అంటే, ఎదురుగా కూర్చుని పెదాలు స్పష్టంగా కదిపాను. అన్నేళ్ళు మగ్గాల మోతలో ఉంటే చెవులు ఉండవు. నాన్న ఫోన్లో మాట్లాడలేకపోయేవాడు. మొహం కనిపిస్తే మాత్రం ఎంత చిన్న మాటైనా పట్టేసేవాడు. మిల్లులో అందరూ అంతే. ఆ మగ్గాలకి పుట్టిల్లు స్కాట్లండ్‌లోని డండీ. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి జూట్ మిల్లు పెట్టినప్పుడు యంత్రాలు అక్కడినుంచే వచ్చాయి. ఆ డండీలో మగ్గాల దగ్గర పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళు కూడా మోతలో వినబడక చేతి సైగలతో, పెదాల కదలికలతో మాట్లాడుకునేవారట. ఇంకో సంగతి చదివి నవ్వుకున్నాను. అక్కడ నూలు వడికేవాళ్ళకంటే నేసేవాళ్ళది పైచేయి. నేతకత్తెలు టోపీలూ చేతి తొడుగులూ వేసుకుని మిల్లుకి దర్జాగా వెళ్ళేవారట. వాళ్ళు నేసింది మా నాన్న నేసిన గోనెనే. "అక్కడ గోనె నేస్తే దొరసానులు నాన్నా," అన్నాను. నాన్న చాలాసేపు నవ్వాడు. తర్వాత అడిగాడు: "ఇప్పుడున్నాయా ఆ మిల్లులు?" లేవన్నాను. అక్కడి ఆఖరి జూట్ మిల్లు 1999లో మూతపడింది. నాన్న ఇంకేం అడగలేదు. నెల్లిమర్లలో గేటు ఎన్నిసార్లు మూసుకుందో, ఎన్నిసార్లు తెరుచుకుందో ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకున్న మనిషి. 1987లో ధాన్యానికీ పంచదారకీ జూట్ సంచులే వాడాలని చట్టం తెచ్చారు కాబట్టి ఇంకా నడుస్తున్నాం అనేవాడు. చట్టం పట్టుకుంటేగాని నిలబడని నేత.

నేను చెప్పిన పాణినీ పతంజలీ ఆయనకి ఎంతవరకూ పట్టారో తెలియదు. తెలిసినట్టు కూడా నటించలేదు. ఆయనకి తెలిసింది వేరు. డిపో నుంచి బియ్యం తెచ్చిన ప్రతి గోనెనీ తిరగేసి, బొటనవేలి గోరుతో పోగులు ఎంచేవాడు. ఇది గట్టిగా కొట్టిన నేత, ఇది పేక ఎగ్గొట్టిన నేత అని తీర్పు చెప్పేవాడు. ఓసారి నేను కొత్త గోనె ఒకటి మడతపెట్టి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోడానికి వేశాను. అందరిళ్ళల్లో వేసేదే. నాన్న దాన్ని తీసి దులిపి చంకలో పెట్టుకుని, "కొత్తదమ్మా. ఇంకా గింజ సూడలేదు. కాళ్ళ కింద ఎయ్యకు," అన్నాడు. పాత గోనె ఇచ్చాడు. పని చేసి చేసి అలిసినదాన్ని తొక్కొచ్చు. పని మొదలుపెట్టనిదాన్ని తొక్కకూడదు. ఆయన వివరంగా చెప్పలేదు, నేను అలా అర్థం చేసుకున్నాను.

చివరి నెలలో మంచం మీద ఉన్నప్పుడు మాటలు తగ్గిపోయాయి. చేతులు మాత్రం ఊరుకోలేదు. దుప్పటి అంచు పట్టుకుని రెండు వేళ్ళమధ్య నలుపుతూ, మళ్ళీ మళ్ళీ ఏదో ముడి వేసేవాడు. అన్నయ్య చేతులు పక్కకి తీయబోతే అమ్మ ఆపింది. "ఒగ్గీ. పోగు తెగినట్టుంది. కలుపుతన్నాడు," అంది.

నలభై ఏళ్ళ కాపురంలో అమ్మ నాన్న పనిని నేత అనగా నేను వినలేదు. 'మిల్లుకెళ్ళారు', 'డ్యూటీలో ఉన్నారు', అంతే. పొందూరు మనిషి కదా, ఆ మాట తన పుట్టింటిదనుకుంటుందని అనుకునేదాన్ని. అందుకే ప్రెస్సు నుంచి వచ్చిన సాయంత్రం అన్నయ్య ఆమె దగ్గర పంచాయతీ పెట్టినప్పుడు, అమ్మ ఉద్యోగి వైపే మొగ్గుతుందనుకున్నాను. మావయ్య కూడా అక్కడే ఉన్నాడు. "నేత అని రాయిత్తే మనోళ్ళంతా ఏ మగ్గం, ఎక్కడి మగ్గం అని అడుగుతారు. ఎందుకది?" అన్నాడు. మావయ్య మాటలో వెటకారం లేదు. ఆయన ఇంకా మగ్గం మీద కూర్చుంటున్న మనిషి. ఆ పేరు చవకైపోతే బాధపడే హక్కు ఆయనకి ఉంది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని, నూలు వడికేటప్పుడు పోగు సరిచూసుకున్నట్టు వేళ్ళు కదుపుకుంది.

"పడుగు మీద పేక పడితే నేతే," అంది. "సన్నమా ముతకా అన్నది పోగు గునం. నేతకేటి సంబంధం?" మావయ్య వైపు తిరిగింది. "నాను వడికిన సన్న నూలుతోటి నేసిన పంచె ఒక్కటీ మా ఇంట్లో ఎవులూ కట్టలేదు. కొనలేం. ఆయన నేసిన గోనెల్లో బియ్యం మాత్రం మనందరం తిన్నాం. నువ్వూ తిన్నావు."

మావయ్య తల దించుకుని, కాసేపాగి, "రాయించండర్రా," అన్నాడు. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు, కాకపోతే ఒక షరతు పెట్టాడు. ఒట్టి నేత అంటే మళ్ళీ నాయకుడనుకుంటారు. గోనె అని ముందు ఉండాలి. చేనేతకి చెయ్యి ఉన్నట్టు దీనికి గోనె. తను సిగ్గుపడుతున్న మాటని తనే ముందు చేర్చమన్నాడు. తనకి అది తెలిసిందో లేదో.

ఆ రాత్రి పడుకోబోతుంటే ప్రెస్సు కుర్రాడు ఫోను చేశాడు. అచ్చుకి పంపించే ముందు ఒక చిన్న అనుమానమట. 'గోనె', 'నేత' రెండు మాటలా, కలిపి రాయాలా అని.

నాకు తెలిసిన వ్యాకరణం ప్రకారం రెండూ చెల్లుతాయి.

"కలిపే రాయి నాయనా," అన్నాను.